పడవలో ప్రక్కన కూర్చున్నవాడు

కొల్లేటి లంకలలో పాత పాటలు పాడువారు నేటికిని కొందరున్నారు. కొన్నేండ్ల క్రిందట ఆ పాటలను రికార్డు చేయు పనిమీద మేము కొల్లేటికోట ప్రాంతమునకు పోయియుంటిమి. పాడుటకు వచ్చిన యొక ముసలమ్మ, మా యంత్రము సిద్ధమగు లోపల, ఏదో మాటమీద మాట వచ్చి తన మరది చావును గూర్చి చెప్పినది. ఆ మాటలు టేపులోనికి ఎక్కలేదు గాని మాకు జ్ఞాపకమున్నవి.

"కరిచిందని కూడా తెలీదండి. రాత్రి బువ్వతిని పడుకున్నాడు. నడిజామున లేచి కడుపులో నొప్పన్నాడు. కాసేపటికి రెప్పలు బరువెక్కిపోతున్నాయన్నాడు. తాటిదోనెలో పడుకోబెట్టుకుని ఏలూరు బయల్దేరాం. నిద్రపోతన్నాడనుకున్నామండి బాబూ! గట్టు చేరేసరికి ఊపిరి లేదు. దోనెలో నలుగురం ఉన్నాం. నలుగురిలో ఒక్కరికీ ఏం చెయ్యాలో తెలీదు."

కట్లపాము కాటు ఇట్టిదే. నొప్పి అంతగా నుండదు, వాపు ఉండదు. నిద్రలో కరచినచో కరచిన సంగతియే తెలియకపోవచ్చును. దాని విషము నరమునకును కండరమునకును నడుమనున్న సంబంధమును త్రెంచును. రెప్పలు వ్రాలును, మాట ముద్దయగును, తుదకు ఊపిరి పీల్చు కండరములు ఆగిపోవును. గుండె మాత్రము మరికొంతసేపు కొట్టుకొనుచునే యుండును. ఆ సమయమున ముఖమునకు మాస్కు అదిమి, రబ్బరు సంచితో గాలి నెక్కించుచు ఆసుపత్రి చేర్పగలవాడొక్కడు ప్రక్కన ఉన్నచో మనిషి బ్రదుకుటకు అవకాశము కలదు. విషమునకు విరుగుడు ఆసుపత్రిలో ఉన్నది. ఊపిరి దారిలో కావలెను.

దారిలో రోగి ప్రక్కన కూర్చుండు ఆ మనిషి యెవరు? అతనికి ఎంత చదువు చెప్పవలెను? ఈ ప్రశ్న మన దేశమున క్రొత్తది కాదు. నేడు దానికి విశ్వవిద్యాలయ పట్టము అను సమాధానము వచ్చినది. అంతకు పూర్వము ఎన్ని సమాధానములు వచ్చి ఎట్లు జారిపోయినవో చెప్పవలెనని మా ఉద్దేశము.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను. వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా దగ్గర నిలిచి పరిచర్య చేయువాడు. ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము అతనికి ఉండవలసిన గుణములు. మనుష్యుని గుణములు చెప్పబడినవే గాని అతడు చదువవలసిన పాఠశాల చెప్పబడలేదు. మన ఆంధ్రదేశమున కాకతీయ రుద్రమదేవి కాలమునాటి మల్కాపుర శాసనము 1261వ సంవత్సరమునాటిది. అందు గోళకీ మఠమునకు అనుబంధముగా ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడుపబడినట్లు కలదు. గర్వింపదగిన విషయమే. కాని శాల యనగా రోగి వచ్చి చేరవలసిన చోటు. ఎదురుపోయి రోగిని తెచ్చువాని కథ అంతకంటె మిక్కిలి ఆలస్యముగా మొదలైనది. అదియు సైన్యముకొరకు మొదలైనది.

1835 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున జనరల్ ఆసుపత్రి నాశ్రయించి ఒక వైద్య పాఠశాల తెరువబడెను. అది వైద్యులను తయారుచేయుటకు పుట్టినది కాదు. కుంపిణీ సైన్యమునకు సర్జనులు విలాయతినుండి వచ్చుచుండిరి. వారి చేతిక్రింద మందులు కలుపుటకు అపోతికరీలును, గాయములు కడిగి కట్టుకట్టుటకు డ్రెస్సర్లును కావలసివచ్చిరి. మొదటి కొలువు చాలవరకు యూరేషియనులది, రెండవది దేశీయులది. పటాలము కదలినపుడు తానును కదలి, దెబ్బతిన్న సిపాయి ప్రక్కన మోకరించవలసినవాడు ఈ డ్రెస్సరు. నేటి పారామెడిక్కునకు మన ప్రాంతమున తాతను వెదకినచో దొరకువాడు ఇతడే.

పదునైదేండ్లు గడచినవి. 1850లో ఆ పాఠశాల మద్రాసు వైద్యకళాశాల అయ్యెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపితమై పట్టములకు దారి యేర్పడెను. పట్టము పై అంతస్తువారికి వచ్చినది. క్రింది అంతస్తువారు హాస్పిటల్ అసిస్టెంట్లుగను, పిమ్మట సబ్ అసిస్టెంటు సర్జనులుగను పేర్లు మార్చుకొనుచు, మెల్లమెల్లగా ఆసుపత్రి గోడల లోపలికి జరిగిరి. చదువు పెరిగినది, గౌరవము పెరిగినది, బయటి జాగా ఖాళీ అయినది. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. ఇదే సంగతి మరల మరల జరిగినది.

విశాఖపట్టణమున 1902లో వైద్య పాఠశాల యేర్పడినది. 1923లో అది కళాశాలగా మారినది. అదియే తరువాత ఆంధ్ర వైద్యకళాశాల. చెన్నపట్టణపు రాయపురమునందలి పాఠశాల 1938లో స్టాన్లీ కళాశాల అయ్యెను. ఈ పాఠశాలలు ఎల్.ఎం.పి.లను తయారుచేసెడివి. అనగా పట్టము లేక, అనుమతిపత్రముతో వైద్యము చేయువారిని. మన కోస్తా జిల్లాలలో మొన్న మొన్నటివరకు పెద్దలు "మా ఊరి ఎల్లెంపీ గారు" అని చెప్పుకొన్నది వీరినే. వీరు తాలూకా కేంద్రములలో, పెద్ద గ్రామములలో కాపురముండి బండిమీదనో సైకిలుమీదనో రోగి యింటికి పోయెడివారు. పాఠశాలలు ఒక్కొక్కటిగ కళాశాలలైనకొలది ఆ వర్గమునకు క్రొత్తవారు చేరుట తగ్గిపోయెను.

పట్టముల హెచ్చుతగ్గులను గూర్చి చెప్పునపుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని విడిచిపెట్టుట కుదరదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఆయన ఖద్దరు తొడుగుకొనెను. అది శస్త్రచికిత్సాచార్యునకు నచ్చలేదు. ఫలితముగా చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటె తక్కువదిగా ఎంచబడు ఎల్.ఎం.ఎస్. ఆయన ఆ కాగితముతోనే అమెరికా పోయి, జీవరసాయనమున భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలసి కనుగొని, తరువాత లోకమునకు పెక్కు మందులు లభించుటకు కారకుడయ్యెను. ఆయనవంటి మేధావులు అరుదు గాన దీనినిబట్టి పట్టము అనవసరమని వాదించుట పొరపాటు. తక్కువ పట్టము తక్కువ మనిషికి గుర్తు కాదని మాత్రము అనవచ్చును.

ఇక 1946. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమింపబడిన సంఘము తన నివేదికను సమర్పించినది. అప్పటికి దేశమున లెక్కలోనున్న వైద్యులు ఇంచుమించు 47,500 మంది. వారిలో దాదాపు 30,000 మంది లైసెన్షియేట్లే. అనగా ప్రతి అయిదుగురిలో ముగ్గురు. సంఘములోని అధిక సంఖ్యాకులు, ఇకమీదట దేశమున ఒక్కటే రకము వైద్యుడు ఉండవలెను, అతడు పట్టభద్రుడై ఉండవలెను అని నిర్ణయించిరి. కొందరు సభ్యులు అంగీకరింపక, గ్రామములకు లైసెన్షియేట్లు కావలెనని తమ అసమ్మతిని తెలిపిరి. అధిక సంఖ్యాకుల వాదమున నిజమున్నది. పల్లెటూరివానికి సగము చదివిన వైద్యుడు, పట్టణపువానికి పూర్తిగా చదివిన వైద్యుడు అనుట న్యాయము కాదు. అసమ్మతి తెలిపినవారి వాదమునను నిజమున్నది. పూర్తిగా చదివినవాడు పల్లెకు రాడు. రెండు నిజములలో మొదటిది చట్టమైనది, రెండవది మన కండ్లయెదుట జరిగినది.

కొల్లేటి సీమయందు దీని ఫలితమెట్లుండెనో చెప్పవలెను. గోదావరి కాలువ, కృష్ణ కాలువ వచ్చి ఏలూరున కలసికొనును. 1925లో పశ్చిమగోదావరి జిల్లా యేర్పడిన పిమ్మట ఏలూరు దానికి ముఖ్యపట్టణమైనది. మదరాసు–కలకత్తా రైలుదారి ఏలూరు మీదుగ, తాడేపల్లిగూడెము మీదుగ పోవును. ఇంత త్రోవ ఉండియు, పట్టణపు దక్షిణపు అంచు దాటి కొల్లేటిలోనికి దిగినచో వర్షకాలమున దారి అనగా నీరే. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చును. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రమునకు తీసికొనిపోవలెను. లంకలోని రోగికి ముందు దోనె, తరువాత గట్టు, తరువాత బండి, తరువాత ఆసుపత్రి. ఎల్.ఎం.పి.లు తరిగిపోయిన తరువాత ఈ నాలుగు మజిలీలలో రోగికి తోడుగా మిగిలినవాడు కాంపౌండరు. ఏదో డాక్టరు వద్ద మందులు కలిపి, సూది వేయుట నేర్చి, స్వగ్రామమున స్థిరపడినవాడు. ఆర్.ఎం.పి. అని పలక కట్టుకొనెను. ఆ పేరులో రిజిస్టరు కలదు గాని రిజిస్టరులో ఆ పేరు లేదు! నవ్వుట తేలిక. కాని నడిరాత్రి పిలిచినపుడు లేచి వచ్చినవాడు అతడే. ముసలమ్మ మరదికి కాలిమీద బిగించి త్రాడు కట్టినవాడును అట్టివాడేనట. నేటి వైద్యశాస్త్రము ఆ త్రాడు కట్టవలదని చెప్పుచున్నది. అతనికి ఆ సంగతి చెప్పినవారు లేరు.

ఇతర దేశములును ఈ విషయమున మనకంటె మిక్కిలి ముందున్నవనుకొనరాదు. ఫ్రాన్సు సేనలో సర్జనై, తరువాత నెపోలియన్ వెంట నడచిన లారే, 1790 దశకమున గుఱ్ఱపు బండ్లను తేలికగా కట్టించి, యుద్ధము జరుగుచుండగనే క్షతగాత్రులను తెప్పించెను. వాటిని ఎగిరెడి అంబులెన్సులనిరి. అటుపిమ్మట నూటయేబదియేండ్లకు పైగా అంబులెన్సు అనగా చాలచోట్ల బండి మాత్రమే. 1966లో బెల్ఫాస్టు నగరమున డాక్టరు ఫ్రాంక్ పాంట్రిడ్జి, గుండె ఆగినవానికి విద్యుత్తుతో తట్టు యంత్రమును మోటారు బ్యాటరీలతో నడచునట్లు చేసి బండిలో పెట్టెను. ఆ యంత్రము బరువు ఇంచుమించు 70 కిలోగ్రాములు. ఆసుపత్రినే రోగివద్దకు నడిపించుట యన్నమాట.

ఆ మరుసటి యేడు, 1967లో, అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున జరిగినది మాకు ఇంకను ముఖ్యముగా తోచుచున్నది. అక్కడి నీగ్రోజాతి వారని అప్పుడు పిలువబడిన నల్లవారి పేటలో పనిలేక తిరుగు యువకులను చేరదీసి, డాక్టరు పీటర్ సఫార్ వారికి శ్వాసమార్గము తెరచుట, గుండె నొక్కుట, రక్తము ఆపుట మున్నగునవి శాస్త్రీయముగ నేర్పించెను. ఫ్రీడం హౌస్ అంబులెన్సు సేవ యని దానికి పేరు. చదువు రానివారని తీసివేయబడినవారు ఆ దేశమున పారామెడిక్కులలో ప్రథములైరి. 1975లో నగరపాలకులు తమ సొంత సేవను స్థాపించుటతో ఆ సంస్థ మూతపడెను. పని నేర్పినవారి పేరు చాలకాలము మరుగున పడియుండెను.

పారామెడిక్ అను మాటలోని పారా గ్రీకు భాషనుండి వచ్చినది. ప్రక్కన అని అర్థము. మన తెలుగుదేశమున పారా యనగా కావలి. ప్రాణమునకు పారా కాయువాడు అని మనవారు అర్థము చేసికొన్నను తప్పులేదు. అయితే మనవద్ద పారామెడికల్ కోర్సు అను మాట రక్తపరీక్ష చేయువారికి, ఎక్సురే తీయువారికి, డయాలసిస్ నడుపువారికి అందరికిని చెల్లుచున్నది. బండిలో పోవువాడు ఆ గుంపులో ఒకడు.

ఆ బండి మనకు 2005 ఆగస్టు 15న వచ్చినది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు స్థాపించిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ హైదరాబాదున 108 సేవను ప్రారంభించెను. అది త్వరలోనే ప్రభుత్వ సహాయముతో అన్ని జిల్లాలకు వ్యాపించెను. మూడంకెలు నొక్కినచో పలుకువాడొకడు, దగ్గరనున్న బండిని కదిలించు ఏర్పాటొకటి, బండిలో ఇద్దరు, అవసరమైనపుడు ఫోనులో సలహా చెప్పుటకు వైద్యుడొకరు. డ్రైవరును పైలట్ అని పిలిచిరి. మన రోడ్లమీద ఆ పేరు అతనికి తగునని మా అభిప్రాయము. రెండవవాడు ఇ.ఎం.టి., అనగా అత్యవసర వైద్య సహాయకుడు. వీరిలో పెక్కురు జీవశాస్త్రములలో బి.యస్సి. పట్టభద్రులు. కప్పను కోసి చూచినవారే గాని, ఊపిరాడని మనిషిని చూచినవారు కారు. కొన్ని వారముల శిక్షణతో బండి యెక్కిరి. వారు చేసిన మేలు ఈ సీమలో ఇంటింటికి తెలియును. ఆ శిక్షణ చాలదని ముందుగా గ్రహించినదియు ఆ సంస్థయే. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు వైద్యవిభాగముతో కలసి రెండేండ్ల స్నాతకోత్తర అత్యవసర చికిత్సా శిక్షణను ప్రారంభించెను. 2009 జనవరిలో సత్యం వ్యవహారము బట్టబయలైనది. ఆ యేడే జి.వి.కె. వారు సంస్థను చేపట్టుటచే బండ్లు ఆగలేదు. విభజనానంతరము ఆంధ్రప్రదేశమున నిర్వాహకులు మారిరి. 2020 జులై 1న విజయవాడలో వెయ్యికి పైగా క్రొత్త వాహనములు బయలుదేరినవి.

అదే యేడు డిసెంబరు మాసమున ఆ బండ్లకు ఏలూరున పరీక్ష వచ్చినది. డిసెంబరు 5వ తేదీనుండి పట్టణములో మనుష్యులు ఉన్నట్టుండి పడిపోజొచ్చిరి. మూర్ఛ, నోట నురుగు, తెలివి తప్పుట. కొలది దినములలో బాధితులు అయిదువందలకు మించిరి. ఒకరు మరణించిరి. తరువాత ఢిల్లీ ఎయిమ్స్ వారు రక్తపు నమూనాలలో సీసము, నికెలు కనుగొనిరి. ఇతర పరిశోధకులు పురుగుమందుల జాడ చూపిరి. కాని మొదటి రాత్రి కారణము ఎవరికిని తెలియదు. కారణము తెలియని దినమున చేయవలసినది ఒక్కటే. మూర్ఛలోనున్న మనిషిని ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టవలెను, గొంతులో అడ్డు తొలగించవలెను, ప్రాణవాయువు పెట్టవలెను, రక్తములో చక్కెర చూడవలెను, ఎవరిని ముందు పంపవలెనో నిర్ణయించవలెను. కొందరిని ఏలూరు ప్రభుత్వాసుపత్రికి, కొందరిని విజయవాడకు చేర్చిరి. ఇది రోగనిర్ణయము కాదు. రోగము పేరు తెలియకుండగనే ప్రాణమును నిలుపు విద్య. ఈ విద్య వేరు, దీనికి వేరు చదువు కావలెను అని ఏలూరు చూచినంత దగ్గరగ మరియొక పట్టణము చూడలేదేమో!

విజయవాడలో 1986లో స్థాపితమైన ఆరోగ్య విశ్వవిద్యాలయము అనుబంధ ఆరోగ్య శాస్త్రములలో బి.యస్సి. పట్టములిచ్చుచున్నది. అందు అత్యవసర వైద్య సాంకేతిక విద్య ఒకటి. ఇట్టి చదువులో విద్యార్థి మొదట శరీరనిర్మాణము, శరీరధర్మము, జీవరసాయనము, సూక్ష్మజీవులు, మందుల గుణములు చదువును. తరువాత శ్వాసమార్గ నిర్వహణ, గుండె విద్యుత్తు రేఖలను చదువుట, గాయములు, కాన్పులు, విషములు, విపత్తులు. పిమ్మట ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రులు. కొల్లేటి సీమ విద్యార్థికి ఈ పాఠములు పుస్తకమున మాత్రమే ఉన్నవి కావు. చేపల చెరువులలో గాలి చిలుకు మోటారులనుండి విద్యుదాఘాతములు, కాలువలో మునుకలు, చేలలో పురుగుమందు త్రాగినవారు, కట్లపాములు అతడెరిగినవే.

2021 మార్చిలో ఆమోదము పొందిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము ఈ పనివానిని మొదటిసారి దేశచట్టములో పేరుపెట్టి పిలిచినది. అనుబంధ ఆరోగ్య వృత్తికి కనీసము 2,000 గంటల చదువు కావలెనని, పట్టముగల ఆరోగ్య వృత్తికి కనీసము 3,600 గంటలు కావలెనని ఆ చట్టము విధించినది. వారముల శిక్షణకును ఈ గంటల లెక్కకును ఎంత దూరమో ఊహించుకొనవచ్చును. చిత్రమేమనగా, ఆ 2021 సెప్టెంబరులోనే బ్రిటనులోను పారామెడిక్కుగా నమోదగుటకు ఆనర్సు పట్టపు స్థాయి చదువు ప్రవేశార్హతగా నిర్ణయింపబడినది. ఈ విషయమున మనము వారికి శిష్యులము కాము, సహపాఠులము.

ఇన్ని చెప్పి ఒక సందేహము చెప్పకపోవుట సరికాదు. డ్రెస్సరు చదువుకొని ఆసుపత్రి లోపలికి పోయెను. ఎల్.ఎం.పి. పాఠశాల కళాశాలయై పట్టణమునకు పోయెను. ఈ పట్టభద్రుడు బండిలో ఉండునా? ఆసుపత్రి చల్లని గదిలో అత్యవసర విభాగపు ఉద్యోగము దొరకినపుడు లంక దారిలో రాత్రి పని చేయుట కెవడు నిలుచును? ఇది అతని లోపము కాదు. బండిలోని పనికి అతని చదువునుబట్టి హోదా, జీతము, పై మెట్టు ఏర్పరచనిచో అతడు దిగిపోవును. అంతే.

ఏలూరున 1999లో స్థాపితమైన అల్లూరి సీతారామరాజు వైద్యకళాశాలకు తోడు 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. తాడేపల్లిగూడెము దగ్గర వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయమున్నది. మామిడిచెట్టు తెగులు చూచుటకు పట్టభద్రుడు కావలెనని మనము ఒప్పుకొని చాలకాలమైనది. రహదారిమీద పడినవానిని చూచుటకు కావలెనని ఒప్పుకొనుటకే ఇంత ఆలస్యమైనది.

ఈ మధ్య తాడేపల్లిగూడెము స్టేషనులో రైలుకొరకు వేచియుండగా మా ప్రక్క బల్లమీద ఒక తండ్రి, కుమారుడు మాటాడుకొనుచుండిరి. కుఱ్ఱవానికి ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదు. ఈ అత్యవసర వైద్యపు బి.యస్సి.లో చేరుదునని అతడనుచుండెను. తండ్రి రైతు. చాలసేపు విని, "ఇది చదివితే నిన్ను డాక్టరంటారా?" అని అడిగెను. "అనరు నాన్నా." "మరి ఏమంటారు?" కుఱ్ఱవాడు కొంచెము ఆలోచించి, "ఊళ్ళో వాళ్ళు నూటెనిమిదోడంటారు" అనెను. తండ్రి నవ్వెను, తరువాత, "జీతమెంతిస్తార్రా?" అనెను. అప్పుడే మా రైలు వచ్చినది. కుఱ్ఱవాడు చెప్పిన అంకె ఆ చప్పుడులో మాకు వినబడలేదు.